సోమల నుంచి కాక్‌పిట్ దాకా: పైలట్ లైసెన్సు ఎలా వస్తుంది, తోట అమ్మే ముందు ఏం చూసుకోవాలి

ఈ ఎపిసోడ్‌లో పైలట్ చదువు గురించి మాట్లాడుకుందాం. సోమల నుంచి ఇంటర్ చదివే తమ్ముడొకడు ఇలా అడిగాడు: "అన్నా, నాకు పైలట్ కావాలని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పద్దెనిమిది నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా నాయన మామిడితోట అమ్మేస్తానంటున్నాడు. అమ్మొచ్చా?"

తమ్ముడూ, తోట మాట ప్రస్తుతానికి పక్కన పెట్టు. పైలట్ అయ్యే దారిలో కొన్ని మెట్లు వేల రూపాయల్లో అయిపోతాయి, కొన్నింటికి లక్షలు కావాలి. చాలా కుటుంబాలు లక్షల మెట్టు ముందు ఎక్కి, వేల మెట్టు దగ్గర జారిపడుతున్నాయి. ఈ ఎపిసోడ్ అంతా విన్నాక మీకు ఒక్క సంగతి గుర్తుంటే చాలు: తక్కువ ఖర్చులో తేలిపోయేవన్నీ ముందు తేల్చుకోవాలి. ఎందుకో, ఎలాగో ఇప్పుడు వరసగా చూద్దాం.

లైసెన్సు ఒకటి కాదు

బండి నడపడానికి ముందు ఎల్‌ఎల్‌ఆర్, తర్వాత లైసెన్సు, లారీకి ఇంకో లైసెన్సు ఉన్నట్టే విమానానికీ వరస ఉంది. మన దేశంలో వీటన్నిటినీ చూసే సంస్థ డీజీసీఏ, అంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్.

మొదటిది స్టూడెంట్ పైలట్ లైసెన్సు. పదో తరగతి పాసై, 16 ఏళ్లు నిండితే తీసుకోవచ్చు. ఇది మన ఎల్‌ఎల్‌ఆర్ లాంటిది, నేర్చుకోవడానికి మాత్రమే. రెండోది ప్రైవేట్ పైలట్ లైసెన్సు, 17 ఏళ్లకు. దీంతో సొంతానికి నడుపుకోవచ్చు గానీ జీతం తీసుకోకూడదు. మూడోది కమర్షియల్ పైలట్ లైసెన్సు, అందరూ సీపీఎల్ అంటారు. 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి. జీతానికి విమానం నడపాలంటే కనీసం ఇది ఉండాలి. నాలుగోది ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు, ఏటీపీఎల్. 21 ఏళ్లు, 1500 గంటలు. పెద్ద విమానంలో ఎడమ సీట్లో కెప్టెన్‌గా కూర్చోవాలంటే ఇది కావాలి.

అంటే ఉద్యోగంలో చేరే కుర్ర పైలట్ దగ్గర ఉండేది సీపీఎల్. అతను కుడి సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చుని, వేల గంటలు ఎగిరి, ఏటీపీఎల్ పరీక్షలు రాసి, ఎడమ సీటుకు మారతాడు.

ఈ కథ మన దేశంలో కొత్తదేం కాదు. ఇండియాలో మొదటి పైలట్ లైసెన్సు 1929లో జె.ఆర్.డి. టాటాకు వచ్చింది. మన దేశంలో కమర్షియల్ పైలట్ అయిన మొదటి మహిళ ప్రేమ్ మాథుర్. లైసెన్సు తీసుకున్నది అలహాబాద్‌లో, 1947లో. ఆడపిల్ల విమానం నడిపితే ఎవరు ఎక్కుతారని కంపెనీలు వరసగా తిప్పి పంపిస్తే, ఆమెకు ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం చేతిలో ఉన్నట్టు కాదన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ముందు ఒంటి పరీక్ష, తర్వాతే ఫీజు

సీపీఎల్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. బైపీసీ, సీఈసీ చదివినవాళ్లు ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ ద్వారా ఆ రెండు సబ్జెక్టులు విడిగా రాసి పాసవుతుంటారు. ఈ అర్హతను సడలించాలన్న చర్చ కూడా నడుస్తోంది కాబట్టి, చేరే రోజున డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

మార్కులు ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు, మెడికల్ అలా కాదు. ఇందులో రెండు మెట్లు. క్లాస్ టూ మెడికల్ మొదటిది. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర చేయించుకోవాలి, ట్రైనింగ్ మొదలుపెట్టడానికి ఇది చాలు. క్లాస్ వన్ మెడికల్ రెండోది, సీపీఎల్ చేతికి రావాలంటే ఇది తప్పనిసరి. ఎయిర్‌ఫోర్స్ కేంద్రాల్లోనూ డీజీసీఏ గుర్తించిన ఇతర చోట్లా చేస్తారు. మన పక్కవాళ్లకు దగ్గర్లో ఉన్నది బెంగళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్.

అక్కడ గుండెకు ఈసీజీ, చెవులకు ఆడియోగ్రామ్, ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం, కళ్లు అన్నీ చూస్తారు. కళ్లద్దాలుంటే పైలట్ కాలేమని ఊళ్లో అంటుంటారు. అది నిజం కాదు. అద్దాలతో చూపు సరిగ్గా వస్తే, ఆ పవర్ పరిమితిలో ఉంటే ఫర్వాలేదు. అసలు ఇబ్బంది రంగుల దగ్గర. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మనలో చాలామంది ఉంటారు, మగపిల్లల్లో ఎక్కువ. వాళ్లకు ఆ సంగతి ఇరవై ఏళ్లొచ్చినా తెలియకపోవచ్చు, ఎందుకంటే రోజువారీ పనికి అడ్డం రాదు. రన్‌వే లైట్లు, విమానం రెక్కల చివర ఎరుపు, ఆకుపచ్చ దీపాలు, కాక్‌పిట్‌లో హెచ్చరిక రంగులు చదవాల్సినవాడికి మాత్రం అది పెద్ద అడ్డు.

చుక్కల బొమ్మలో అంకె కనిపెట్టే ఇషిహారా పరీక్ష ఫోన్‌లో కూడా దొరుకుతుంది. సరదాగా చేసుకోండి, నమ్ముకోవద్దు. ఒక్కో ఫోన్ స్క్రీన్ రంగులు ఒక్కో రకంగా చూపిస్తుంది. డాక్టర్ దగ్గర పుస్తకంలో చూసిందే లెక్క.

తమ్ముడి ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడే ఉంది. ట్రైనింగ్ మొదలుపెట్టడానికి క్లాస్ టూ చాలు కాబట్టి కొందరు ఫీజు కట్టేసి, క్లాస్ వన్ చివర్లో చూసుకుందాం అనుకుంటారు. అరవై లక్షలు ఖర్చయ్యాక క్లాస్ వన్ దగ్గర ఆగిపోతే ఆ డబ్బు తిరిగి రాదు. రూలు ఎలా ఉన్నా మీరు మాత్రం క్లాస్ టూ, క్లాస్ వన్ రెండూ ఫీజు కట్టకముందే చేయించుకోండి. అయ్యే ఖర్చు వేలల్లోనే. "అన్‌ఫిట్" అని వస్తే బాధగా ఉంటుంది, నిజమే. కానీ తోట మిగులుతుంది. తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటే మాత్రం భయపడొద్దు. కొన్ని సమస్యలు వైద్యంతో సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు.

విమానం ఎక్కకముందే పాసవగలిగిన పేపర్లు

మెడికల్ అయ్యాక డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబర్ అనేది తీసుకోవాలి. అది మన హాల్‌టికెట్ నంబర్ లాంటిది, పరీక్షలన్నిటికీ అదే. ముఖ్యమైన పేపర్లు ఎయిర్ నేవిగేషన్, ఏవియేషన్ మీటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కో పేపర్‌లో నూటికి 70 రావాలి. ఇంటర్‌లో లాగా 35తో గట్టెక్కడం ఇక్కడ లేదు.

ఈ పేపర్లలో ఏముంటుందో చిన్న ఉదాహరణ. మీ విమానం 100 నాట్ల వేగంతో నేరుగా ఉత్తరానికి పోవాలి. పక్క నుంచి 20 నాట్ల గాలి తోస్తోంది. ముక్కును సరిగ్గా ఉత్తరానికే పెట్టి పోతే గాలి మిమ్మల్ని పక్కకు ఈడ్చుకుపోతుంది. ఏటికి అడ్డంగా ఈదేవాడు ఎగువకు తిరిగి ఈదినట్టు, విమానం ముక్కును 11, 12 డిగ్రీలు గాలి వైపు తిప్పాలి. ఇది ఇంటర్ ట్రిగనామెట్రీయే. దిక్కులో ఒక్క డిగ్రీ తప్పితే 60 నాటికల్ మైళ్లు పోయేసరికి దాదాపు ఒక మైలు పక్కకు తేలతారు. మీటియరాలజీ అంటే మేఘాల చదువు. ఏప్రిల్, మే సాయంత్రాలు మదనపల్లె కొండల మీద కాలీఫ్లవర్ పువ్వులా పైకి లేచే నల్లమబ్బు చూసుంటారు కదా, దాన్ని క్యుములోనింబస్ అంటారు. దాని లోపలికి ఏ పైలట్టూ కావాలని పోడు. ఎందుకు పోకూడదు, ఎంత దూరం నుంచి తప్పుకోవాలి అన్నది ఆ పేపర్‌లో ఉంటుంది.

ఇంకో పరీక్ష రేడియోది, ఆర్‌టీఆర్ అంటారు. కంట్రోల్ టవర్‌తో మాట్లాడే పద్ధతికి పరీక్ష. ఇన్నాళ్లూ టెలికాం శాఖ పెట్టేది, 2024లో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ దీన్ని డీజీసీఏకు అప్పజెప్పింది. మాట్లాడటానికి కూడా పరీక్షా అనుకోకండి. 1977 మార్చి 27న టెనెరిఫ్ అనే దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయారు. పొగమంచులో, రేడియోలో ఒకరి మాట ఇంకొకరు వేరుగా అర్థం చేసుకోవడం దానికి పెద్ద కారణం. ఆ తర్వాత రేడియోలో వాడే మాటల పద్ధతి మార్చారు. టేకాఫ్ అన్న మాటను టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప ఇంకెక్కడా వాడకూడదు అనేంత కట్టుదిట్టం చేశారు.

"అన్నా, నాది తెలుగు మీడియం" అనేవాళ్లకు ఒక మాట. పైలట్లకు ఇంగ్లీషులో ఆరు స్థాయిలు పెట్టారు, అంతర్జాతీయంగా ఎగరాలంటే కనీసం నాలుగో స్థాయి రావాలి. మీ యాస ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఎదుటివాడికి స్పష్టంగా అర్థమైతే చాలు. రేడియోలో వాడే వాక్యాలు కూడా పరిమితమే. కానీ పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి ఇంటర్ రోజుల నుంచే చదవడం అలవాటు చేసుకోండి.

ఈ పేపర్లలో చాలావరకు ఒక్క గంట కూడా ఎగరకుండా రాయొచ్చు. ఇంట్లో చదివో, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కోచింగ్ తీసుకునో రాసేవాళ్లున్నారు. ఫలితాలకు గడువు ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి పక్కన పెట్టకూడదు. కానీ రెండు పేపర్లు రాసి చూస్తే ఈ చదువు మీకు పడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. ఇది కూడా తక్కువ ఖర్చు మెట్టే.

200 గంటల్లో ఏం జరుగుతుంది

ఇక లక్షల మెట్టు. ఎక్కువ స్కూళ్లలో మొదట చేతికిచ్చేది సెస్నా 152, 172 లాంటి చిన్న విమానం. ఒక ఇంజిన్, రెండో నాలుగో సీట్లు, బరువు అటూ ఇటూ ఒక టన్ను. పక్కనే ఇన్‌స్ట్రక్టర్, ఆయన ముందు కూడా అవే కంట్రోల్స్. మొదట నేరుగా పోవడం, తిరగడం, ఎక్కడం, దిగడం. ఆ తర్వాత రన్‌వే చుట్టూ తిరిగి దిగడం, మళ్లీ లేవడం, మళ్లీ దిగడం. వందసార్లు అదే పని. విమానం గాల్లో వేగం కోల్పోయి రెక్కలు పట్టు తప్పడాన్ని స్టాల్ అంటారు. దాన్ని కావాలని రప్పించి, బయటపడటం నేర్పిస్తారు. ఇంజిన్ ఆగిపోయినట్టు చేసి, "ఇప్పుడు ఎక్కడ దించుతావ్?" అని అడుగుతారు. కింద పొలాలు చూసి చెప్పాలి.

ఒకరోజు ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి, ఒక్కడివే వెళ్లిరా అంటారు. దాన్ని సోలో అంటారు. ఏ పైలట్‌ను అడిగినా ఆ రోజు మాత్రం మరిచిపోరు.

200 గంటలు అంటే ఊరికే తిరగడం కాదు, దాంట్లో లెక్కలున్నాయి. కనీసం 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా ఎగరాలి. అందులో 20 గంటలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే క్రాస్ కంట్రీ ఉండాలి. వాటిలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, దారిలో వేరే రెండు ఎయిర్‌పోర్టుల్లో దిగి మరీ చేయాలి. 300 నాటికల్ మైళ్లంటే సుమారు 555 కిలోమీటర్లు, మదనపల్లె నుంచి హైదరాబాద్‌కు పోయే దూరం కంటే ఎక్కువ. రాత్రిపూట 5 గంటలు, అందులో 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు. బయటికి చూడకుండా మీటర్లను మాత్రమే చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ 10 గంటలు.

ఈ చివరిది ఎందుకంటే, మబ్బులోకి పోయాక మన లోపలి చెవి అబద్ధం చెప్తుంది. విమానం పక్కకు ఒరిగి తిరుగుతున్నా నేరుగానే పోతున్నట్టు అనిపిస్తుంది. ఒంటికి అనిపించేదాన్ని పక్కనపెట్టి ముందున్న మీటర్‌ను నమ్మడం అలవాటైతేనే పైలట్ బతుకుతాడు, వెనక కూర్చున్నవాళ్లూ బతుకుతారు.

ఈ 200 గంటలకు ఎంతకాలం పడుతుంది? ప్రకటనల్లో ఏడాది, ఏడాదిన్నర అని ఉంటుంది. వాన పడితే ఎగరరు, విమానం రిపేరుకు పోతే ఎగరరు, ఇన్‌స్ట్రక్టర్లు తక్కువైతే మీ వంతు రాదు. రెండేళ్లు దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజుల హాస్టల్, తిండి ఖర్చు మీదే. పైగా లైసెన్సుకు అప్లై చేసే ముందు ఆరు నెలల్లో 15 గంటలైనా ఎగిరి ఉండాలి. ఎక్కడో ఆగిపోతే మళ్లీ డబ్బు కట్టి ఎగరాలి.

సీపీఎల్ వచ్చింది. ఉద్యోగం?

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. సీపీఎల్ చేతికొచ్చినంత మాత్రాన ఎయిర్‌బస్ నడపలేరు. ఒక టన్ను సెస్నాకు, 70 టన్నులు దాటే ఎయిర్‌బస్ ఏ320కి పోలికే లేదు. ముందు రెండు ఇంజిన్ల విమానం మీద మల్టీ ఇంజిన్ ట్రైనింగ్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలి. ఆ తర్వాత టైప్ రేటింగ్. అంటే ఫలానా రకం విమానానికి విడిగా శిక్షణ, విడిగా పరీక్ష. ఏ320 రేటింగ్ ఉన్నవాడు బోయింగ్ 737 నడపకూడదు.

టైప్ రేటింగ్ ఎక్కువ భాగం సిమ్యులేటర్‌లో జరుగుతుంది. కదిలే కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద పెట్టె, లోపల అచ్చం కాక్‌పిట్. టేకాఫ్ పరుగులో వీ వన్ అనే వేగం ఒకటుంటుంది. ఆ వేగం దాటకముందు ఇంజిన్ పోతే ఆపేయాలి, దాటాక పోతే ఒక ఇంజిన్‌తోనైనా లేవాల్సిందే, ఎందుకంటే ఆగడానికి రన్‌వే మిగలదు. నిజం విమానంలో ఇది నేర్పితే ప్రాణాలు పోతాయి. సిమ్యులేటర్‌లో రోజుకు పదిసార్లు ఇంజిన్ పేల్చినా ఫర్వాలేదు. మంటలు, పొగ, క్యాబిన్‌లో గాలి తగ్గడం, ఎదురుగాలి ఉన్నట్టుండి తిరగబడటం, అన్నీ అక్కడే.

ఇంకొకటి నేర్పుతారు. పైకి చిన్నగా కనిపిస్తుంది గానీ మన పిల్లలకు బాగా కష్టం. పెద్దాయన తప్పు చేస్తుంటే వద్దని చెప్పడం. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైనుంచి దిగుతోందని, దిగకుండా మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ మూడుసార్లు హెచ్చరించినా కెప్టెన్ ఆపలేదని విచారణలో తేలింది. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్ ఆ మత్తులోంచి పూర్తిగా తేరుకోలేదని కూడా తేలింది. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని మన ఇళ్లల్లో పెంచుతారు. కాక్‌పిట్‌లో మాత్రం కుడి సీటు కుర్రాడు నోరు తెరవాలి, ఎడమ సీటు పెద్దాయన వినాలి. దీన్ని క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ పేరుతో అందరికీ నేర్పుతారు. కెప్టెన్లూ ఏటా ఆ క్లాసులో కూర్చుంటారు.

సిమ్యులేటర్ అయ్యాక, ప్రయాణికులున్న విమానంలో ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని నేర్చుకునే లైన్ ట్రైనింగ్ ఉంటుంది. అది పాసైతేనే మామూలు ఫస్ట్ ఆఫీసర్. అప్పటికీ చదువు అయిపోదు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్ష, ఏడాదికోసారి మెడికల్. ముప్పై ఏళ్ల సర్వీసున్న కెప్టెన్ అయినా ఫెయిలైతే మళ్లీ పాసయ్యేదాకా నేల మీదే. మనం ధైర్యంగా విమానం ఎక్కేది ఈ పద్ధతిని నమ్మే.

డబ్బు లెక్క

ఇప్పుడు తోట దగ్గరికి వద్దాం. సీపీఎల్ ఖర్చు ఈరోజుల్లో సుమారుగా యాభై లక్షలు దాటుతోంది. టైప్ రేటింగ్‌కు ఇంకో పదిహేను, ఇరవై లక్షలు విడిగా. ఎయిర్‌లైన్స్ నడిపే క్యాడెట్ ప్రోగ్రామ్‌లో చేరితే ముందే ఎంపిక చేస్తారు, ఉద్యోగం దారి కాస్త స్పష్టంగా ఉంటుంది, కానీ మొత్తం ఖర్చు కోటి దాకా, ఆ పైకి కూడా పోతుంది.

70 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకోండి. నెలకు దాదాపు 80 వేలు కట్టాలి. పైలట్ ఉద్యోగం వస్తే కట్టగలరు. ఉద్యోగానికి రెండేళ్లు ఆలస్యమైతే? వడ్డీ ఆగదు. ఇంత పెద్ద అప్పుకు బ్యాంకు ఇల్లో పొలమో తాకట్టు అడుగుతుంది.

హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా కథ పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. తండ్రి బేకరీలో పనిచేసేవారు. దాతల సాయంతో హైదరాబాద్‌లోని ఏవియేషన్ అకాడమీలో చేరి సీపీఎల్ సంపాదించారు. అక్కడితో ఆగిపోయారు, ఎందుకంటే మల్టీ ఇంజిన్‌కూ టైప్ రేటింగ్‌కూ డబ్బు లేదు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం 36 లక్షలు మంజూరు చేస్తే ఆ శిక్షణ పూర్తిచేసి, ఎయిర్‌లైన్ పైలట్ అయ్యారు. ఆమె పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ కథలో రెండో సగం చూడండి. లైసెన్సు ఉన్న మనిషి డబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. మీరు లెక్క వేసేటప్పుడు సీపీఎల్ దాకా వేస్తే సరిపోదు, టైప్ రేటింగ్ దాకా వేయాలి. ఆ పైన ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చునే ఏడాది ఖర్చు కూడా వేయాలి.

స్కూలును ఏం అడగాలి

ముందు ఆ స్కూలు పేరు డీజీసీఏ గుర్తించిన ఫ్లయింగ్ ట్రైనింగ్ ఆర్గనైజేషన్ల జాబితాలో ఉందో లేదో చూడండి. కొన్ని ఇన్‌స్టిట్యూట్‌లు కోచింగ్ మాత్రమే ఇస్తాయి, విమానాలు వాటివి కావు. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఈ స్కూళ్లకు ర్యాంకింగ్ కూడా ఇస్తోంది, అదీ చూడండి. తర్వాత స్వయంగా వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి: ఈరోజు ఎగిరే స్థితిలో ఉన్న విమానాలు ఎన్ని? ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు? ఒక్కో విమానానికి విద్యార్థులు ఎందరు? పోయిన బ్యాచ్‌లో 200 గంటలు పూర్తవడానికి ఎన్ని నెలలు పట్టింది? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు? ఆఫీసులో అడిగాక, హాస్టల్‌లో ఉన్న పిల్లల్ని కూడా అడగండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే కట్టకండి, ఎగిరిన గంటల్ని బట్టి విడతలుగా కడతామనండి.

"గ్యారంటీ" అన్న మాట వినిపిస్తే కాగితం మీద రాసివ్వమనండి. పరీక్ష పాస్ చేయిస్తామనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు తీసుకున్న పైలట్లు బయటపడ్డారు, అరెస్టులు జరిగాయి. వాళ్ల ఉద్యోగాలు పోవడం ఒక్కటే కాదు, అలాంటివాళ్ల వెనక కూర్చునేది మన అమ్మానాన్నలే.

ప్రభుత్వ సంస్థల్లో పేరున్నది ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉరాన్ అకాడమీ. ప్రవేశ పరీక్ష ఉంటుంది. మనకు దగ్గర్లో బెంగళూరు జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు, హైదరాబాద్ బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కొత్త ఫ్లయింగ్ స్కూళ్ల కోసం ఎంపిక చేసిన చోట్లలో మన కడప కూడా ఉంది. అక్కడ ట్రైనింగ్ ఎప్పుడు, ఎవరు నడుపుతున్నారో చేరే సమయానికి కనుక్కోండి.

తోట అమ్మకుండా ఎగిరే దారి

డబ్బు లేనివాళ్లకు ఒక దారి ఉంది, దాన్ని ఎందుకో ఎవరూ చెప్పరు. ఇంటర్ ఎంపీసీ తర్వాత యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే ఎన్‌డీఏ పరీక్ష. ఇప్పుడు ఆడపిల్లలు కూడా రాయొచ్చు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కు ఎంపికైతే శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే, మీకు స్టైపెండ్ కూడా ఇస్తారు. పోటీ చాలా గట్టిది, అది సైనిక జీవితం, అందరికీ పడదు. డిగ్రీ అయ్యాక ఏఎఫ్‌క్యాట్ ఉంది. విమానాల దగ్గర ఉండటమే ఇష్టమైతే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం చూడండి. బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్‌తో గానీ ఇంజనీరింగ్‌తో గానీ రాయొచ్చు. ఆకాశంలో పైలట్లకు దారి చెప్పేది వాళ్లే.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. ఈ ఎండాకాలం సెలవుల్లో ముందు క్లాస్ టూ, ఆ తర్వాత బెంగళూరు పోయి క్లాస్ వన్ చేయించుకో. ఫిట్ అని వస్తే కంప్యూటర్ నంబర్ తీసుకుని నేవిగేషన్, మీటియరాలజీ రాయి. ఆ రెండూ 70 దాటితే అప్పుడు రెండు మూడు స్కూళ్లు తిరిగి పైన చెప్పిన ప్రశ్నలు అడుగు. ఈలోపల ఎన్‌డీఏకు కూడా అప్లై చెయ్యి, పోయేదేం లేదు. ఇదంతా అయ్యేసరికి ఏడాది పడుతుంది, ఖర్చు వేలల్లోనే ఉంటుంది. అప్పటికి ఈ పని నీతో అవుతుందో లేదో నీ చేతిలో కాగితాలు ఉంటాయి. మీ నాయన పక్కన కూర్చుని, ఆ కాగితాలు ముందు పెట్టుకుని, తోట గురించి అప్పుడు మాట్లాడండి. ఈ ఏడాది కాయ మాత్రం కోసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.